సైన్స్ మేళాలు నడిపేవాళ్లను ఒక్కతాటిపైకి తేవడానికి వాట్సాప్ కమ్యూనిటీ, గూగుల్ షీట్: విశాఖ అవసరాలతో ఒక సమీక్ష

ఫిబ్రవరి వచ్చిందంటే విశాఖలో సైన్స్ మేళాలు చేసేవాళ్ల ఫోన్లలో ఒకటే మాట తిరుగుతుంది: “సార్, టెలిస్కోపు ఎవరి దగ్గరైనా ఉందా?” గాజువాకలో హైస్కూలు, మధురవాడలో కాలేజీ, భీమిలిలో యువజన సంఘం, అందరికీ 28వ తేదీనే కావాలి. 1928లో రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజది. 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పైగా సి.వి. రామన్ చిన్నతనంలో చదివింది విశాఖలోని సెయింట్ అలోషియస్ బడిలో. అందుకే ఆ తేదీని వదులుకోవడానికి ఇక్కడ ఎవరికీ మనసొప్పదు. ఊళ్లో సామానుంది, చేయించగల మనుషులూ ఉన్నారు. ఏది ఎవరి దగ్గరుందో, ఏ రోజున ఖాళీయో ఒకచోట రాసిపెట్టి లేదు, అంతే. దానివల్లే ఒక బడిలో పెట్టె విప్పని టెలిస్కోపు మూలన ఉంటుంది, పక్క బడిలో పిల్లలు చార్టు మీద చంద్రుణ్ణి చూసి ఇంటికి వెళ్తారు.

ఈ లోటు తీర్చుకోవడానికి అందరికీ చేతికందే సాధనాలు రెండు. ఒకటి వాట్సాప్ కమ్యూనిటీ, రెండోది గూగుల్ షీట్. రెండూ ఉచితం. నిర్వాహకుల బృందానికి ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో చూద్దాం. మా లెక్క ముందే చెప్పేస్తాం: కమ్యూనిటీకి అయిదుకు మూడు మార్కులు, షీట్‌కు నాలుగున్నర. కబురు చేరవేయడానికి కమ్యూనిటీని మించింది లేదు. కానీ నిర్వాహకుల మధ్య బంధం నిలబడేది షీట్ మీదే.

కమ్యూనిటీ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2022 నవంబరులో వాట్సాప్ ఈ సదుపాయం అందరికీ ఇచ్చింది. విడివిడిగా ఉన్న గ్రూపుల్ని ఒక గొడుగు కిందికి తెస్తుంది, పైన ప్రకటనల గ్రూపు ఒకటి దానంతటదే ఏర్పడుతుంది. అందులో కొత్త సందేశం పెట్టగలిగేది అడ్మిన్లే. మిగతావాళ్లు కింద జవాబు ఇవ్వవచ్చు, కానీ ఆ జవాబులన్నీ ఒకచోట ముడుచుకుని ఉంటాయి, ఎవరి ఫోనూ మోగదు. మామూలు గ్రూపులో ఒక్కొక్కదానిలో 1,024 మంది వరకు పడతారు. విశాఖ జిల్లాతో పాటు అనకాపల్లి, విజయనగరం నిర్వాహకుల్ని కలుపుకున్నా ఆ హద్దు అడ్డం రాదు.

పెట్టడం సులువే. కమ్యూనిటీస్ ట్యాబ్‌లో కొత్త కమ్యూనిటీ నొక్కి, పేరూ రెండు వాక్యాల వివరణా రాసి, ఉన్న గ్రూపుల్ని అందులో చేర్చాలి. అసలు తెలివి చూపాల్సింది గ్రూపులు ఎన్ని పెట్టాలన్న చోట. ఫిజిక్సుకు ఒకటి, కెమిస్ట్రీకి ఒకటి, బయాలజీకి ఒకటి అని విడగొడితే నెలరోజుల్లో అన్నీ నిద్రపోతాయి. మేళా చేసేవాడి అవసరం సబ్జెక్టును బట్టి రాదు, పనిని బట్టి వస్తుంది. కాబట్టి నాలుగు చాలు: సామాను ఇచ్చిపుచ్చుకోవడానికి ఒకటి, వక్తలూ వాలంటీర్ల కోసం ఒకటి, అనుమతులూ లేఖల కోసం ఒకటి, మిగతా కబుర్లన్నిటికీ ఒకటి. ఆ నాలుగోది తప్పకుండా ఉండాలి. శుభోదయాల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు, పత్రికా కటింగులు పోవడానికి ఒక దారి ఉంచకపోతే అవన్నీ సామాను గ్రూపులోకే వస్తాయి. అప్పుడు పొద్దున్నే ఎవరో అడిగిన ప్రొజెక్టరు సంగతి మధ్యాహ్నానికి కనబడకుండా పోతుంది.

సామాను గ్రూపులో అడగడానికీ ఒక పద్ధతి పెట్టుకోవాలి. “ప్రొజెక్టరు కావాలి, ఎవరైనా ఉంటే చెప్పండి” అని రాస్తే జవాబు రాదు. ఏ వస్తువు, ఏ తేదీ ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎక్కడికి, తీసుకెళ్లే బండి ఎవరిది, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అన్న అయిదు సంగతులూ ఒకే సందేశంలో ఉండాలి. “3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు, శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు, పెందుర్తి జంక్షన్ దగ్గర బడికి, ట్రాలీ ఆటో మాదే, బల్బు పోతే ఖర్చు మాదే” అని రాస్తే ఇచ్చేవాళ్లకు ఆలోచించడానికి ఇంకేమీ మిగలదు. ఇలాంటి నమూనా ఒకటి గ్రూపు పైన పిన్ చేసి ఉంచవచ్చు. పిన్‌కు ఎక్కువలో ఎక్కువ గడువు 30 రోజులు. గడువు తీరాక మళ్లీ పిన్ చేయడం ఒక అడ్మిన్ బాధ్యతగా పెట్టుకోవాలి.

తేదీల గొడవ తేల్చడానికి పోల్ చాలా బాగా పనిచేస్తుంది. ఒక పోల్‌లో 12 ఎంపికల వరకు ఇవ్వవచ్చు. తేదీలు అడిగేటప్పుడు ఒకటి కంటే ఎక్కువ ఎంచుకునే వీలు తెరిచే ఉంచాలి. ఒక్కటే ఎంచుకోమంటే అందరూ 28 మీదే వేలు పెడతారు. ఆకాశ దర్శనానికైతే ఇంకో మంచి మార్గముంది, పంచాంగం. టెలిస్కోపులో చంద్రుడి మీది గుంటలు బాగా కనిపించాలంటే వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు పొడవుగా పడాలి. పౌర్ణమినాడు నీడలుండవు, చంద్రుడు తెల్లటి పళ్లెంలా చదునుగా కనిపిస్తాడు, కళ్లు కూడా జిగేల్మంటాయి. శుక్ల పంచమి నుంచి దశమి మధ్య సాయంత్రాలు మేలైనవి. సప్తమి, అష్టమి అయితే మరీ మంచిది. ఆ ఆరు సాయంత్రాల్ని పోల్‌లో పెట్టి ఆరు బడులకు పంచితే ఒక్క టెలిస్కోపు ఆరుచోట్లా తిరుగుతుంది. ఉపన్యాసాలూ నమూనాల పోటీలూ 28నే చేసుకోవచ్చు. నిర్వాహకుల నెట్‌వర్క్ అనేదానికి చేతికందే మొదటి లాభం ఇదే.

కార్యక్రమం ఖాయమయ్యాక ఈవెంట్ సదుపాయం వాడండి. తేదీ, వేళ, చోటు పెడితే వచ్చేవాళ్లు అక్కడే ఒప్పుకుంటారు, ఎంతమంది వస్తున్నారో కనిపిస్తుంది. పోస్టర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లెక్సీకి పంపే బొమ్మను ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, ఆరడుగుల ఫ్లెక్సీ మీద అక్షరాల అంచులు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపాలి.

ఇక కమ్యూనిటీకి రెండు మార్కులు ఎందుకు తగ్గించామో చూడండి. కొత్తగా చేరినవాళ్లకు పాత సంభాషణ మొత్తం దొరకదు. గత ఏడాది ఒక బడి ఎలా అనుమతి తెచ్చుకుందో, ఏ లేఖ ఎవరికి రాసిందో గ్రూపులో ఉండే ఉంటుంది, కానీ ఈ ఏడాది చేరిన టీచరుకు అది లేనట్టే. పాత ఫైలు నొక్కితే చాలాసార్లు “మళ్లీ పంపమని అడగండి” అనే వస్తుంది. వెతకాలన్నా చిక్కే. ఒకరు టెలిస్కోప్ అని తెలుగులో రాస్తారు, ఒకరు ఇంగ్లిషులో, ఇంకొకరు దూరదర్శిని అంటారు. మరో సంగతి ఆహ్వాన లింకు. అది ఎవరి చేతికి చిక్కితే వాళ్లు లోపలికి రాగలరు. ట్యూషన్ సెంటర్ల ప్రచారాలు, అప్పుల యాప్‌ల సందేశాలు వచ్చేది ఆ దారినే. కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకున్నాకే చేర్చే సెట్టింగు మొదటిరోజే పెట్టాలి. లింకు బయటకు పొక్కితే రీసెట్ చేయాలి. మహిళా టీచర్లకు ఉపయోగపడే మంచి గుణం ఒకటి చెప్పాలి: ప్రకటనల గ్రూపులో మాత్రమే ఉన్నవాళ్ల నంబరు అడ్మిన్లకూ, ఆ నంబరు ముందే దాచుకున్నవాళ్లకూ తప్ప మిగతావాళ్లకు కనిపించదు. కింది గ్రూపుల్లో చేరితే మాత్రం అక్కడున్న అందరికీ కనిపిస్తుంది. చేర్చేముందు ఈ మాట వాళ్లకు చెప్పడం మర్యాద.

షీట్ దగ్గరకు వద్దాం. ఒకే ఫైలులో మూడు పేజీలు: సామాను, మనుషులు, తేదీలు. సామాను పేజీలో వస్తువు పేరు, ఎవరి దగ్గర, ఏ ప్రాంతం, బరువు, నడపడం వచ్చిన మనిషి, తీసుకెళ్లే పద్ధతి, చివరిసారి పనిచేసిన తేదీ, జాగ్రత్తలు అన్న నిలువు వరుసలు ఉండాలి. అన్నిటికంటే విలువైనది ఆఖరిది. అక్కడ కక్కుర్తి పడకుండా రాయాలి.

ఉదాహరణకు వాన్ డి గ్రాఫ్ జనరేటరు తీసుకోండి. పిల్లల జుట్టు నిక్కబొడుచుకునేలా చేసే యంత్రం కాబట్టి ప్రతి మేళాలోనూ అడుగుతారు. పొడి ఊళ్లో బ్రహ్మాండంగా పనిచేసేది విశాఖ సముద్రపు గాలికి మొరాయిస్తుంది. గాల్లో తేమ ఎక్కువైతే బెల్టు మీదా, గోళాన్ని నిలబెట్టే గొట్టం మీదా సన్నటి నీటి పొర పట్టి, చేరిన విద్యుదావేశం చేరినట్టే కిందికి కారిపోతుంది. బీచ్ రోడ్డులో శామియానా కింద పెడితే ఎంత తిప్పినా నిప్పురవ్వ రాదు. పిల్లలు నిరాశపడతారు, టీచరు యంత్రం పాడైందని పక్కన పడేస్తాడు. జాగ్రత్తల గడిలో ఇలా ఉండాలి: “ఏసీ గదిలోనే పెట్టాలి, గంట ముందు గదికి చేర్చాలి, గోళాన్నీ గొట్టాన్నీ పొడి నూలుగుడ్డతో తుడవాలి, బెల్టుకు హెయిర్ డ్రయర్‌తో అయిదు నిమిషాలు వెచ్చటి గాలి పట్టించాలి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వకూడదు.” ఈ ఒక్క గడి నింపితే ఊళ్లోని అందరికీ ఆ ప్రదర్శన దక్కుతుంది.

టెలిస్కోపుకూ అంతే. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (చెక్క పీట మీద తిరిగే అద్దపు టెలిస్కోపు) అయితే నాలుగడుగుల గొట్టం, చెక్క పీటతో కలిపి సుమారు 20 కిలోలు, కారు వెనక సీటు ఖాళీగా ఉండాలి అని రాయాలి. సముద్రం ఒడ్డున రాత్రి తేమకు టెలిస్కోపు ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మసకబారుతుంది, ఉప్పుగాలికి అద్దం పూత దెబ్బతింటుంది. కైలాసగిరి మీదో, బడి మేడ మీదో పెట్టుకోవడం మేలు. పగలు సూర్యుణ్ణి చూపించేదైతే సౌర ఫిల్టరు టెలిస్కోపు ముందు మూతికే బిగించాలి. కంటి దగ్గర బిగించే చిన్న ఫిల్టరు వేడికి పగులుతుంది, చూపు పోతుంది. ఈ వాక్యాన్ని ఎర్ర అక్షరాల్లో పెట్టండి. నడపడం వచ్చిన మనిషి వెంట రాకపోతే వస్తువు ఇవ్వకూడదని రాసుకోండి.

మనుషుల పేజీలో ఏమి రాయాలన్నదానికి ఊరే జవాబిస్తుంది. లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసుకునే ప్రయోగ గదులు) ఉన్న బడుల్లో త్రీడీ ప్రింటర్లూ, వాటిని నడిపే పిల్లలూ ఉన్నారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలకు బడిపిల్లల కోసం చెకుముకి సైన్స్ పరీక్షలు నడిపిన అనుభవముంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర పిల్లలకు భూమి చరిత్ర చెప్పగల భూగర్భశాస్త్ర అధ్యాపకులున్నారు. ఇలాంటివాళ్లను “వక్త” అని ఒక్క మాటలో రాస్తే లాభం లేదు. ఏ తరగతి పిల్లలకు, తెలుగులోనా ఇంగ్లిషులోనా, ఎంతసేపు, ప్రొజెక్టరు కావాలా వద్దా, సెలవుపెట్టి రావాలా ఆదివారమే కుదురుతుందా, పై అధికారి పేర లేఖ కావాలా అన్నవి విడివిడిగా రాయాలి. మనిషి గొప్పతనంకంటే ఈ గడులే నిర్వాహకుడికి ఎక్కువ అవసరం. ఆరో తరగతి పిల్లలకు తుపాను కన్ను ఎలా ఏర్పడుతుందో తెలుగులో అరగంటలో చెప్పగల ఒక్కరు దొరికితే మేళా నిలబడుతుంది.

షీట్‌లో చిన్న చిన్న సాంకేతిక చిక్కులున్నాయి, ముందే తెలిస్తే దాటొచ్చు. ఫోన్ నంబర్ల వరుసను మొదటే ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే 0891తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరులో ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ప్లస్ గుర్తుతో మొదలెట్టి మధ్యలో ఖాళీ వదిలితే షీట్ దాన్ని లెక్క అనుకుని తప్పు చూపిస్తుంది. ప్రాంతం వరుసకు డ్రాప్‌డౌన్ పెట్టాలి, లేకపోతే మధురవాడను ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిషులో రాస్తారు, ఫిల్టరు వేస్తే రెండు వేర్వేరు ఊళ్లవుతాయి. అందరూ మార్చే షీట్‌లో ఎవరైనా తమ సౌకర్యానికి సార్ట్ చేస్తే అందరి ముందూ వరుసలు తలకిందులవుతాయి. మిగతావాళ్ల వరుసలు కదలకుండా ఎవరికి వారు చూసుకునే ఫిల్టర్ వ్యూ వాడటం నేర్పండి. శీర్షికల వరుసను లాక్ చేయండి. ఎవరైనా పొరపాటున చెరిపేస్తే భయపడక్కర్లేదు, వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి నిన్నటి రూపాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. షీట్‌కు నాలుగున్నర ఇవ్వడానికి పెద్ద కారణం అదే.

షీట్‌ను నేరుగా నింపమంటే చాలామంది జంకుతారు. ముఖ్యంగా ఫోన్లో చిన్న గడులు నింపడం పెద్దవయసు టీచర్లకు విసుగు. వాళ్లకు గూగుల్ ఫారం పంపితే సరిపోతుంది, జవాబులు వాటంతటవే షీట్‌లో పడతాయి. ఫారంలో ఫైలు జతచేయమని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కమ్మంటుంది, సగంమంది అక్కడే ఆగిపోతారు. ఏడు ప్రశ్నలు దాటకుండా చూసుకోండి.

పిల్లల ఫొటోల దగ్గర నిక్కచ్చిగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. బహుమతి గెలిచిన పిల్లవాడి ఫొటో, పేరు, బడి, తరగతి కలిపి నాలుగు గ్రూపుల్లో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అది మానాలి. ప్రవేశ పత్రంలోనే అనుమతి గడి ఒకటి ఉంచి, తల్లి లేదా తండ్రి సంతకం తీసుకోవాలి. నెట్‌వర్క్ షీట్‌లో పిల్లల వివరాలు ఒక్కటి కూడా ఉండకూడదు.

కొన్నిచోట్ల వేరే సాధనాలు మెరుగు. పాత సంభాషణ కొత్తవాళ్లకు కనిపించాలంటే టెలిగ్రామ్‌లో ఆ వీలుంది. కానీ ప్రభుత్వ బడుల టీచర్లు రోజూ తెరిచేది వాట్సాపే, ఇంకో యాప్ దించుకోమంటే నెట్‌వర్క్ అక్కడే సన్నబడుతుంది. నెలకోసారి మాట్లాడుకోవడానికి వాట్సాప్ కాల్‌లో 32 మంది వరకు చేరవచ్చు. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో వందమంది పడతారు, గంటకు ఆగిపోతుంది. ఆ గంట హద్దు మంచిదే, సమావేశం సాగదు.

రెండిటికీ ఒక ఉమ్మడి బలహీనత ఉంది, విశాఖలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా కరెంటూ ఫోన్లూ పోయాయి. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం, అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలూ అందులోనే పడతాయి. సెప్టెంబరు ఆఖరుకు షీట్‌లోని మనుషుల పేజీని కాగితం మీద ముద్రించి ప్రాంతానికి ఒకరి దగ్గర ఉంచండి. గాజువాకకు ఒకరు, పెందుర్తికి ఒకరు, భీమిలికి ఒకరు, నగరం నడిబొడ్డుకు ఒకరు. తుపాను హెచ్చరిక వస్తే మైదానంలో పెట్టిన మేళా ఎవరు ఆపాలి, వస్తువులు ఏ గదిలోకి మార్చాలి అన్నది ఆ కాగితం మీదే ఉండాలి.

ఇంకో పెద్ద ప్రశ్న, ఇవి ఎవరి పేర ఉండాలన్నది. ఒక టీచరు సొంత ఖాతాలో షీట్ పెడితే ఆయన బదిలీ అయినా, ఫోను మార్చినా, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఆయన ఇంటి ఫొటోలతో నిండినా అందరి పనీ ఆగుతుంది. నెట్‌వర్క్ కోసమే ఒక ఖాతా తెరిచి, దాని తాళం ముగ్గురి దగ్గర ఉంచాలి. ముగ్గురూ ఒకే బడివాళ్లు కాకూడదు. కమ్యూనిటీకీ ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, వాళ్లలో ఒకరైనా బడి బయటివాళ్లు అయితే బాగుంటుంది. కాలేజీ అధ్యాపకులో, సైన్స్ సంఘం కార్యకర్తో ఎవరైనా సరే. టీచర్ల బదిలీలు సాధారణంగా వేసవిలో జరుగుతాయి కాబట్టి, బడులు తెరిచిన జూన్ రెండోవారం తర్వాత ఒక వారాంతం షీట్ సరిచూడటానికే పెట్టుకోండి. ప్రతి వరుసలో ఉన్న మనిషికీ ఫోను చేసి, వస్తువు ఇంకా ఆ బడిలోనే ఉందా, మనిషి ఏ బడికి మారారు అని కనుక్కోవాలి. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని వరుసను బూడిదరంగులోకి మార్చి అడుగుకు పంపేయండి. టీచరు బదిలీపై వెళ్లినా టెలిస్కోపు పాత బడిలోనే ఉంటుంది. కొత్తగా వచ్చిన సైన్స్ టీచరును ఆ వారమే కమ్యూనిటీలో చేర్చి, ఆ బడిలో ఏమేం సామాను ఉందో జాబితా ఆమె చేతిలో పెట్టండి.